ఎనిమిదో వార్త

రూతమ్మ మా ఇంటి మెట్లెక్కిన ఉదయం నేను టీవీ వాళ్ళ మీద కోపంగా ఉన్నాను. ఎక్కడో ఒక రాష్ట్రంలో వంతెన కూలింది. ఒక ఛానెలు మృతుల లెక్క ఒకటి చెప్పింది, రెండో ఛానెలు దానికి రెట్టింపు చెప్పింది, మూడోది లెక్క చెప్పకుండానే తప్పెవరిదన్న చర్చకు నలుగురిని కూర్చోబెట్టింది. పది నిమిషాల తరువాత మొదటి ఛానెలు తన లెక్కను మార్చుకుంది. మార్చుకున్నామని మాత్రం చెప్పలేదు. పాత అంకె ఉన్న చోటనే కొత్త అంకె వచ్చి కూర్చుంది, అంతకు ముందు అక్కడ ఏమీ లేనట్లు. ఏ ఛానెలు ఏ వేళకు ఏమి చెప్పిందో నేను కాగితం మీద గుర్తు వేసుకుంటున్నాను. ఇది నాకు కొత్త పని కాదు. బళ్ళో పాఠాలు చెప్పిన ఏళ్ళలోనూ, విరమించి నరసరావుపేటలో ఈ చిన్న ఇంట్లో స్థిరపడిన తరువాతా, దేశంలో, లోకంలో జరిగిన ముఖ్యమైన సంగతులను ప్రతి రోజూ గీతల పుస్తకంలో రాసిపెడుతూ వస్తున్నాను. తేదీ, స్థలం, సంగతి, ఆధారం అని నాలుగు గడులు. ఆ పుస్తకాలతో ఒక ఇనప బీరువా నిండిపోయింది. ఫోనులో మా బంధువుల గ్రూపులో ఎవరు ఏ వార్త పంపినా కింద "ఆధారం ఏది?" అని అడుగుతాను గనుక పిల్లలందరూ కలిసి నాకు ఆధారం అత్తయ్య అని పేరు పెట్టారు. ఆ పేరును నేను ఎగతాళిగా తీసుకోలేదు. కొంత గర్వంగానే మోశాను.

వచ్చినామె యాభై దాటిన మనిషి. మెట్ల కిందనే చెప్పులు విడిచి, చేతిసంచి ఒళ్ళో పెట్టుకొని కుర్చీ అంచున కూర్చుంది. ఎడ్లపాడు దగ్గరి ఒక పల్లెలో అంగన్‌వాడీ ఆయాగా చేస్తున్నానని చెప్పింది.

"తమరు పంతులుగారి అమ్మాయేనా? పిడుగురాళ్ల కాడ బోర్డు మీద వార్తలు రాసిన టీచరమ్మ?"

అవునన్నాను.

"నేను దానియేలు కూతుర్నండి, రూతమ్మని. క్వారీలో పోయాడే, ఆ దానియేలు. మా అమ్మ సంతోషమ్మ."

టీవీ కట్టేశాను.

"అమ్మ పోయిన నెల పోయింది టీచరమ్మా. సమాధి మీద రాయి పెట్టిస్తన్నాం. పక్కన నాయన పేరు కూడా చెక్కిద్దామని మా ఆయన అన్నాడు. నాయన పోయిన తేదీ ఎవురికీ తెలవదు. చర్చి రిజిస్టరు చెదలు తినిందంట. అమ్మేమో తిరునాళ్ళ ముందర అనేది, అంతే. కాని చానాసార్లు ఒక మాట చెప్పేది. బోర్డు మీద తుడిపించారే గాని పంతులుగారి అమ్మాయి పుస్తకంలో ఉంటది, దాన్నెవరూ తుడవలేరు అని. మిమ్మల్ని ఎతుక్కుంటా వచ్చాను. తేదీ చెప్పి, ఆ లైను ఒకసారి చూపిస్తే ఫోటో తీసుకొని పోతా."

"ఏ లైను?" అన్నాను, తెలిసే.

ఆమె వెన్ను నిటారుగా పెట్టి, ప్రార్థనలో వాక్యం అప్పజెప్పినట్లు చెప్పింది: "పిడుగురాళ్ల సమీపమున గల ఒక క్వారీలో రాయి జారిపడి, దానియేలు అను ముప్పది సంవత్సరముల కార్మికుడు మరణించినాడు. అతనికి భార్య, ఒక కుమార్తె కలరు." చెప్పి కొంచెం నవ్వింది. "వయసు తప్పేశారంట పేపరోళ్ళు. ఇరవై నాలుగే. ఆళ్ళకేం తెలుసే, ఏదో ఒకటి వేస్తారు అనేది అమ్మ."

ఆ వాక్యం ఏ పత్రికలోనూ రాలేదు. ఏ రేడియోలోనూ చదవలేదు. బోర్డు మీద గాని, నా పుస్తకంలో గాని లేదు. దాన్ని అప్పటికప్పుడు కల్పించి, చదువు రాని ఒక ఆడమనిషికి బోర్డు మీద చదివినట్లు వినిపించింది నేను. నా బతుకులో నేను పుట్టించిన అబద్ధపు వార్త అదొక్కటే. దాని సంగతి తెలుసుకోవలసిన మనిషి నెల కింద మట్టిలోకి వెళ్ళింది. ఆమె కూతురు నా ఎదుట కూర్చొని, ఫోను చేతిలో పట్టుకొని, ఆ వాక్యం కోసం ఎదురు చూస్తూ ఉంది. పుస్తకం వెతకాలి, మజ్జిగ తాగుతూ ఉండమ్మా అని చెప్పి లోపలికి వెళ్ళి, బీరువా తలుపు పట్టుకొని చాలాసేపు నిలబడ్డాను.

మా నాన్న మిషను బడిలో పంతులు. మా ఊరు పిడుగురాళ్లకు నడిచి వెళ్ళేంత దూరంలో ఉండేది. సున్నపు బట్టీల పొగ పొద్దున్నే ఇళ్ళ మధ్య నిలిచిపోయేది. ఆరేసిన బట్టలు తీసుకుంటే చేతులకు తెల్లటి పొడి అంటేది. మా అమ్మ నీళ్ళ కుండ మీద తడిగుడ్డ కప్పి ఉంచేది ఆ పొడి పడకుండా. బడి ప్రహరీగోడకు రోడ్డు వైపున సిమెంటుతో చేసిన నల్లబోర్డు ఒకటి ఉండేది. అది మా నాన్న పెట్టించిందే. ప్రతి శనివారం బొగ్గుపొడి, దొండాకు పసరు కలిపి గుడ్డతో దానికి రుద్దేవాళ్ళం. ఆ పచ్చి వాసన ఆదివారం ప్రార్థన ముగిసేదాకా నా వేళ్ళను వదిలేది కాదు. ఉపాధ్యాయ శిక్షణ పూర్తి చేసి ఉద్యోగపు ఉత్తరువు కోసం ఎదురు చూస్తున్న ఆ ఏడాదిన్నర కాలం బోర్డు రాసే పని నాది. నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని మా నాన్న నాకు ఇచ్చిన ఒకే ఒక మెచ్చుకోలు ఆ పని.

ఉదయం వార్తల వేళకు మా నాన్న చొక్కా వేసుకొనేవారు. రేడియో గూట్లో ఉండేది, దాని ముందు స్టూలు మీద ఆయన, చాప మీద నేను. అమ్మ రోట్లో పచ్చడి నూరడం ఆపేది, ఆపినందుకు ఒక మాట అనకుండా మాత్రం ఉండేది కాదు.

"వార్తలాయన మిమ్మల్ని చూస్తాడా ఏంది, చొక్కా తొడుక్కోటానికి?"

"ఆయన చూడడు. ఎవరెవరో పోయారని చెబుతుంటే బనీనుతో కూర్చొని వినటం నాకే బాగుండదు."

నేను విన్నది విన్నట్లు పెన్సిలుతో రాసుకొనేదాన్ని. గుంటూరు నుంచి మాచర్ల పోయే తొలి బస్సు కండక్టరు పత్రికల కట్ట బడి ముందు పడేసేవాడు. పత్రికను, రేడియోను పక్కపక్కన పెట్టి మా నాన్న ఎనిమిది వార్తలు ఎంచేవారు. బోర్డు మీద సుద్ద అద్దిన దారంతో ఎనిమిది గీతలు కొట్టేవాళ్ళం. మొదటి మూడు గీతలు లోకానివి, తరువాతి మూడు దేశానివి, ఏడోది రాష్ట్రానిది. ఎనిమిదో గీత మన ప్రాంతానిది. ఆ గీత మీదికి పత్రికలో అచ్చయినది మాత్రమే రావాలని నియమం. అచ్చు కానప్పుడు "విశేషాలు లేవు" అని రాసేదాన్ని. బోర్డు మీద రాసినదంతా ఇంటికి వచ్చి, మా నాన్న చూస్తుండగా, పుస్తకంలోకి ఎక్కించేదాన్ని. ఆ పుస్తకం సంగతి ఊరందరికీ తెలుసు. చాలా రోజులు ఎనిమిదో గీతకు విశేషాలు ఉండేవి కావు. మా ప్రాంతం విశేషాలు లేని ప్రాంతమని అప్పట్లో నేను నమ్మాను కూడా.

బోర్డు ఎదుటి కొట్టు సుబ్బయ్యశెట్టిగారిది. చదువు రానివాళ్ళకు గట్టిగా చదివి చెప్పే పని ఆయన తనంత తానే పెట్టుకున్నారు. చదివినదానికి తన మాట కలపకుండా ఉండలేరు. బట్టీ పనివాడొకడు ఏ దేశంలోనో ప్రధాని దిగిపోయాడని విని నోరు తెరుచుకొని నిలబడితే, "ఒరేయ్, ఆయన దిగిపోతే నీ గేదె పాలియ్యటం మానిందా ఏంది, పనికి పో" అనేవారు. కాని ఎక్కడన్నా ఓడ మునిగిందనో, భూమి కదిలిందనో ఉన్న రోజు ఆయన గొంతు తగ్గేది. సున్నపు దుమ్ము పట్టిన కాళ్ళతో మనుషులు ఆగి, పేరైనా పలకలేని దేశాల వాళ్ళ కోసం అయ్యో అనుకొని వెళ్ళేవాళ్ళు. ఆ నిట్టూర్పులు నేను విన్నాను. అవి నిజమైనవి. ఈ రోజు నా ఫోనులో చావువార్త కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా వస్తాయి, ఆ వెంటనే ఎవరో పుట్టినరోజు కేకు ముక్క వస్తుంది. వాటిలో ఎన్ని నిజమైనవో నేను చెప్పలేను.

సంతోషమ్మ వచ్చింది కోటప్పకొండ తిరునాళ్ళకు కొద్ది రోజుల ముందు. భర్త పోయిన మూడో రోజు, పూడ్చిన మర్నాడు. నాకంటే మూడు నాలుగేళ్ళు పెద్దదై ఉంటుంది. చంకలో ఏడు నెలల పిల్ల. నేను నాలుగో గీత రాస్తున్నాను, మా నాన్న పక్కన నిలబడి చూస్తున్నారు.

"అయ్యగారూ, మా ఆయన సంగతి ఈడ రాయించండి."

మా నాన్నకు అప్పటికే తెలుసు. "పేపర్లో వచ్చిందా అమ్మా?" అన్నారు మెల్లిగా.

"నాకేం తెలుసయ్యా. రాయి జారి మీదపడింది. నేను ఆడనే తట్టలు మోస్తన్నా. నా కళ్ళతో చూశా."

"చూశావు, కాదనను. కాని ఈ బోర్డు మీదికి రావాలంటే పేపర్లో అన్నా రావాల, రేడియోలో అన్నా రావాల. ఇవాళ నీ మాట మీద రాస్తే రేపు ఇంకొకరి మాట మీద రాయాల. అప్పుడు దీన్ని ఎవరు నమ్ముతారు?"

"వాడు ఆ పొద్దు పనికే రాలేదంటన్నారయ్యా మేస్త్రీలు. నలుగురు చదివేచోట ఉంటే కాదనలేరు గదా."

శెట్టిగారు కొట్లోంచి తల బయట పెట్టారు. "పంతులుగారూ, దేశం కాని దేశంలో మంత్రి మారితే రాయిస్తిరి. పొలిమేరలో మనిషి పోతే రాయరా?"

"అది అచ్చయింది శెట్టిగారూ."

"ఈమె కళ్ళతో చూసొచ్చింది గదయ్యా మరి."

మా నాన్న ఆ పూటే పత్రిక వాళ్ళకు ఆ చావు సంగతి తెలుపుతూ కార్డు రాశారు. నేనే పోస్టు డబ్బాలో వేసి వచ్చాను. అచ్చయిన రోజు ఎనిమిదో గీత మీద కాదు, మొదటి గీత మీదనే రాయిస్తానని సంతోషమ్మకు మాట ఇచ్చారు. ఆయన పిరికివాడు కాదు, ఎవరికీ అమ్ముడుపోయినవాడు కాదు. ఇది నేను కూతురినని చెప్పడం లేదు. నిజం జరిగితే అది తప్పకుండా అచ్చవుతుందని ఆయన నమ్మారు. నేనూ నమ్మాను. ఆ నమ్మకం ఎంత గట్టిదంటే, నిజం మా ఎదుట పిల్లను ఎత్తుకొని నిలబడి ఉంటే దాన్ని పక్కకు జరగమని చెప్పి, బస్సు కోసం చూశాం.

ఆమె ప్రతి ఉదయం వచ్చేది. నేను గీతలు కొట్టేటప్పటికే వచ్చి గోడ నీడన నిలబడేది. "ఇయ్యాల వచ్చిందా అమ్మాయిగారూ?" రాలేదక్కా. "రేపు రావచ్చంటారా?" రావచ్చు. నేను రాసినంతసేపూ నా చెయ్యి వైపే చూసేది, ఆ అక్షరాలలో తన భర్త ఎక్కడన్నా దాగి ఉన్నాడేమోనన్నట్లు. పత్రికలో తిరునాళ్ళకు ప్రత్యేక బస్సుల సంగతి వచ్చింది, ఎనిమిదో గీత మీద అది రాశాను. తిరునాళ్ళకు ఎత్తుగా కట్టి ఊరేగించే ప్రభల పోటీ సంగతి వచ్చింది, అదీ రాశాను. మిగిలిన రోజుల్లో విశేషాలు లేవు.

పదకొండో ఉదయం మా నాన్న ఉపాధ్యాయుల సమావేశానికి నరసరావుపేట వెళ్ళారు. శెట్టిగారు కొట్టు ఇంకా తీయలేదు. ఎనిమిదో గీత మీద "విశేషాలు లేవు" అని రాసి వెనుదిరిగేసరికి ఆమె నిలబడి ఉంది. ఈసారి ఏమీ అడగలేదు. అడగకపోవడమే నేను ఓర్చుకోలేకపోయాను. "వచ్చిందక్కా" అన్నాను. ఆమె పిల్లను ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకొని, "చదవండి" అంది. నేను బోర్డు వైపు తిరిగి, పత్రికల భాషలో, నిదానంగా చదివాను. వయసు నాకు తెలియదు, తోచినది చెప్పాను. ఇంకొకసారి చదవమంది, చదివాను. "యాడ ఉంది?" అంది. ఎనిమిదో గీత కింద వేలు పెట్టి చూపించాను. ఆమె దగ్గరికి వచ్చి, ఆ "విశేషాలు లేవు" మీద వేళ్ళు ఆనించి, కళ్ళకు అద్దుకొని వెళ్ళిపోయింది. రెండు రోజుల తరువాత ఆ కుటుంబం ఊరు విడిచిందని విన్నాను. మనసు కుదుటపడి వెళ్ళిందనుకున్నాను. ఆ సంగతి మా నాన్నకు చెప్పలేదు. ఆయన ఆ కార్డుకు జవాబు వస్తుందని చాలాకాలం చూశారు.

ఆ తరువాత ఉద్యోగం వచ్చి మాచర్ల వైపు వెళ్ళాను. పుస్తకం మానలేదు, ఆ నాలుగు గడులూ మానలేదు. ఆ ఉదయం చేసిన పనికి శిక్షగా మరింత కఠినంగా తయారయ్యాను. ఇప్పుడు ప్రతివాడి చేతిలో ఒక బోర్డు ఉంది, ఎవడు ఏది రాసినా లోకమంతా చదువుతుంది. కిందటి వానాకాలం గ్రూపులో ఎవరో ఒక క్వారీ కూలిన వీడియో పంపి, ఇది పిడుగురాళ్ల దగ్గర అన్నారు. అందులో అరుస్తున్న మనుషుల మాట తెలుగు కాదు. రెండు రోజులు పోట్లాడి తీయించాను. ఆ గొడవ నడుమ మా చెల్లెలి కొడుకు ఒక ముక్క రాశాడు: "పెద్దమ్మా, మన వైపు కూడా మొన్న ఒక కూలీ పోయాడు, ఎక్కడా రాలేదు." నేను దాని కిందా "ఆధారం ఏది?" అని రాశాను. వాడు మళ్ళీ మాట్లాడలేదు. నాటి మా బోర్డు మీద అబద్ధం ఉండేది కాదు, నేటి ఫోనులో దానికి కొదవ లేదు. అంతవరకు నా కోపం న్యాయమైనదే. కాని మన వైపు పోయిన కూలీ వార్తల్లోకి అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాలేదు.

పుస్తకం తీసుకొని హాల్లోకి వచ్చాను. పదకొండో ఉదయపు పేజీ వెతకవలసిన పని లేదు. దాని అంచున ఆ రోజే ఒక సిరా చుక్క పెట్టుకున్నాను. రూతమ్మ ముందు పరిచాను. ఆమె ఏడో తరగతి దాకా చదివిందట. వేలు పెట్టి ఒక్కొక్క గీతా చదివింది. పరాయి దేశంలో అధ్యక్షుడి రాజీనామా. సముద్రంలో మునిగిన ఓడ. భూకంపం. ఢిల్లీలో మంత్రుల సమావేశం. ఉత్తరాదిన కరువు. ఒక కొత్త రైలు. రాష్ట్రంలో పరీక్షల వాయిదా. ఎనిమిదో దాని దగ్గర వేలు ఆగింది. పేజీ తిప్పి చూసింది. మళ్ళీ వెనక్కి తిప్పింది.

"ఇందులో మా నాయన లేడే టీచరమ్మా."

చెప్పాను. ఏమీ దాచకుండా, ఏదీ నాకు అనుకూలంగా తిప్పకుండా చెప్పాను. ఆమె వింటూ వింటూ ఫోను సంచిలో పెట్టేసుకుంది. వీధిలో ఉల్లిపాయల బండి మైకు దగ్గరికి వచ్చి, దూరమైపోయింది.

"అమ్మ ఆ పూటే క్వారీకి పోయిందండి," అంది చివరికి. "అందరి ముందర నిలబడి, మా ఆయన బోర్డు మీద ఉన్నాడు, పోయి చదువుకోండి అందంట. వాళ్ళొక మనిషిని పంపించారు. వాడొచ్చి, ఆడేం లేదు, దీనికి మతి పోయింది అన్నాడంట. పొద్దుగూకేలోపల క్వారీవాళ్ళిచ్చిన మా గుడిసెలో సామాను బయట పడేశారు. ఆ వచ్చినోడే తుడిచేశాడని అమ్మ అనేది. పోయేదాకా అదే అనింది."

వాళ్ళు ఊరు విడిచిన కారణం నాకు అప్పుడు తెలిసింది.

"తరవాతన్నా అమ్మకు చెప్పలేదు గదా మీరు?"

"లేదు."

"మంచిపనే చేశారు. తెలిసుంటే ఇంకెవుర్ని నమ్మేది ఆమె?" మళ్ళీ అంది: "నాకెందుకు చెప్పారు మరి? పుస్తకం దొరకలా, తేదీ మటుకు ఇదీ అంటే పోయేదాన్నిగా."

తేదీ కోసం ఇద్దరం కలిసి పేజీలు వెనక్కి తిప్పాం. పదకొండు ఉదయాలు లెక్కపెట్టి, పూడ్చిన రోజుకు చేరాం, దానికి ముందు రోజుకు చేరాం. బస్సులు, ప్రభలు, విశేషాలు లేవు, విశేషాలు లేవు. చీటీ మీద తేదీ రాసి ఇచ్చాను. ఆమె దాన్ని మడవకుండా ఆ చివరి పేజీ మీదికి వంగింది. దానియేలు పోయిన రోజు పేజీ అది. ఎనిమిదో గీత మీద నా గుండ్రని దస్తూరి.

"ఇది కొట్టేసి, నాయన సంగతి రాయండి."

నా పుస్తకాలలో కొట్టివేత లేదు. రాసిన రోజు దాటాక ఏ పేజీనీ ముట్టుకోలేదు. అది చెప్పబోయి ఆమె ముఖం చూసి మానుకున్నాను. "విశేషాలు లేవు" మీద అడ్డంగా గీత గీశాను. పైన ఉన్న సందులో రాశాను. క్వారీలో రాయి జారిపడి దానియేలు మరణించాడు. వయసు ఆమె చెప్పింది, ఇరవై నాలుగు. నా దస్తూరికి ఇప్పుడు ఆ గుండ్రదనం లేదు. కింద అక్షరాలు ఒకరివి, పైన అక్షరాలు వేరొకరివి అన్నట్లు ఉన్నాయి. ఆధారం అన్న గడిలో "సంతోషమ్మ, భార్య, కళ్ళారా చూసినది" అని రాశాను. రూతమ్మ మొత్తం రెండుసార్లు చదువుకొని, ఫోను తీసి ఫోటో తీసుకుంది. మజ్జిగ గ్లాసు తానే తీసుకెళ్ళి పెరట్లో కడిగి బోర్లించింది.

"నాయనతో పాటు ఇంకో ఇద్దరు పోయారంట ఆ పొద్దు," అంది మెట్ల కింద చెప్పులు తొడుక్కుంటూ. "కృష్ణా నది అవతల నుంచి వచ్చినోళ్ళంట. పేర్లు అమ్మకు కూడా తెలవదు."

పదకొండు ఉదయాలు సంతోషమ్మ నా ఎదుట నిలబడింది. ఆ రాయి కింద ఎంతమంది ఉన్నారని నేను ఆమెను ఒక్కసారి కూడా అడగలేదు.